నల్లబడితేనే వెండి

హజరత్తన్న పిచ్చివాడని మా ఇందుకూరుపేటలో ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. పిచ్చివాడైతే ముక్కూ మొహం తెలియనివాళ్ల దగ్గర మూడేళ్లపాటు ఫోనులో వెండి కొని, ఒక్క రూపాయి పోగొట్టుకోకుండా ఉండగలడా? ఆయన దెబ్బతిన్నది ఒక్కసారే. ఆ ఒక్కసారీ పక్కన నేనున్నాను. అందుకే ఈ సంగతి చెప్పే హక్కు నాకుంది. వినేవాళ్లు తిట్టదలిస్తే ముందు నన్నే తిట్టాలి.

నా పేరు పెంచలప్రసాద్. బస్టాండు పక్కన జిరాక్సు, ఫోన్ రీచార్జి కొట్టు నాది. హజరత్తయ్య నాకు చుట్టమేమీ కాదు. మా నాన్న కాలం నుంచి వాళ్ల మడీ మా మడీ పక్కపక్కనే, అందుకని అన్నా అని పిలుస్తాను. ఆయనకు ఎకరన్నర ఉండేది. చుట్టూ అందరూ మళ్లను రొయ్యల గుంటలు చేసేసరికి ఉప్పు ఊరి ఆయన మడిలో వరి పండడం మానేసింది. గతిలేక ఆయన కూడా గుంటకు లీజుకిచ్చేసి, ఆ గుంట మీదే కాపలాకి, మేత చల్లడానికి జీతానికి కుదిరాడు. సొంత నేల మీద జీతగాడివయ్యావు గదన్నా అని నేనొకసారి ఎగతాళి చేస్తే రెండు నెలలు నా కొట్టు గడప తొక్కలేదు.

ఆయనకు ఒక్కతే కూతురు, వెన్నెల. ఆ పిల్ల పదో తరగతిలో ఉండగా వాళ్లమ్మ వెంకటశేషమ్మ వదినకు డెంగీ జ్వరం వచ్చి నెల్లూరు ఆసుపత్రిలో పదకొండు రోజులు పడి ఉంది. మంచం పక్కన ఉన్నది ఈ పిల్లే. తిరిగొచ్చాక ఇక వేరే మాట లేదు, నర్సు చదువే చదువుతానంది. సెలైను నిమిషానికి ఎన్ని చుక్కలు పడాలో అన్నం తింటూ కూడా చెప్పేది. హజరత్తన్న ముద్ద చేతిలో పెట్టుకుని వినేవాడు. "మా పాప వార్డులో నడస్తా ఉంటే డాక్టర్లు గూడా పక్కకు తప్పుకోవాల పెంచలా" అనేవాడు నాతో.

చదివించాలంటే కూడబెట్టాలి. ఆయన చేతిలో డబ్బు నిలిచే రకం కాదు. దుబారా మనిషని కాదు, అడిగినవాడికి లేదనలేడు. జీతం పడిన రోజున బామ్మర్దికి బండి రిపేరు వచ్చేది, పెద్దమ్మ కొడుక్కి జ్వరం వచ్చేది. వాళ్లకు ఆ రోజే ఎందుకు వచ్చేవో ఆ దేవుడికే తెలియాలి. చివరికి ఆయనకు వెండి ఆలోచన తట్టింది. "రెండు తెగిన గొలుసులుంటే అప్పియ్యి బావా అని ఏ బామ్మర్దీ అడగడు గదా" అన్నాడు. ఆ తెలివికి నేను కూడా నవ్వాను.

పాత సామాన్లు అమ్ముకునే యాప్‌లు ఫోనులో బోలెడు. అందులో ఆయనకు కావాల్సింది స్టెర్లింగు వెండి. మన కొట్లలో కొన్న పట్టీల్లో వెండి ఎంతో, కలిపింది ఎంతో అమ్మినవాడికే తెలియాలి. పట్నం అమ్మాయిలు పెట్టుకునే సన్న గొలుసులు, కమ్మలు అట్లా కాదు. వందకు తొంభై రెండున్నర పాళ్లు అసలు వెండి, లోపలివైపు చీమ తలంత అంకెల్లో 925 అని ముద్ర. కమ్మ ఒకటి పోతే రెండోది ఎవరికి కావాలి? గొలుసు తెగితే అతికించుకునే ఓపిక ఎవరికి? అవన్నీ కుప్పగా పోసి, ఏదో ఒక ధర పెట్టి, మసకమసగ్గా ఫోటో తీసి పెట్టేస్తారు. ఆ ఫోటోల కోసమే హజరత్తన్న కాచుకుని ఉండేవాడు. పొద్దున మేత చల్లేసి గట్టు మీద కూర్చుని ఒక్కో ఫోటో పెద్దది చేసి చూసేవాడు. ఇంగ్లీషులో బేరమాడేది నేను. తెగినవి, జత పోయినవి ఇంకేమైనా ఉన్నాయా అని ఎన్ని వందలసార్లు టైపు చేశానో. బెంగుళూరు అమ్మాయి ఒకామె, ఇది మా కూతురి చదువు కోసమమ్మా అని నేను రాస్తే, కొన్న గొలుసుతోపాటు రెండు ఉంగరాలు ఊరికే వేసి పంపింది. ఆ రోజు హజరత్తన్న ఆ ఉంగరాలను కళ్లకద్దుకున్నాడు.

ఇక పరీక్ష సంగతి. 925 అని ముద్ర ఎవడైనా కొట్టచ్చు. అది అసలుదో గిల్టుదో తేల్చడానికి ఆయన దగ్గర ఒక ఉపాయం ఉంది, రొయ్యల గుంటలో దిగినవాళ్లకు తప్ప ఇంకెవరికీ తట్టనిది. రొయ్యల పట్టుబడి అయిపోయి నీళ్లు తీసేశాక గుంట అడుగున నల్లటి బురద మిగులుతుంది. మేతా మలమూ కుళ్లగా అయిన బురద, మురిగిన కోడిగుడ్డు కంపు కొడుతుంది. దాన్ని ఎత్తిపోయడానికి వచ్చే ఆడకూలీల కాళ్లకు వెండి పట్టీలుంటే సాయంత్రానికి నల్లగా మాడిపోతాయి. ఇంటికి పోయి చింతపండు పెట్టి తోముకుంటారు. వెండి రంగే తప్ప వెండి లేని గిల్టు పట్టీలైతే కాస్త మసకబారి ఊరుకుంటాయి. ఎవరి మొగుడు వెండి కొనిచ్చాడో, ఎవరి మొగుడు వెండని చెప్పి తెచ్చాడో ఆ బురద బయటపెట్టేసేది. గట్టు మీద కూర్చుని దాని గురించి ఒకళ్లనొకళ్లు ఆడిపోసుకునేవాళ్లు.

హజరత్తన్న ఒక పాత పెయింటు డబ్బాలో ఆ బురద నింపుకుని గట్టు మీది కాపలా షెడ్డులో పెట్టుకున్నాడు. కొరియరులో ఏ ముక్క వచ్చినా దారం కట్టి అందులో ముంచేవాడు. నల్లబడితే వెండి. నల్లబడకపోతే తిప్పి పంపడం, వాళ్లు మొండికేస్తే డబ్బు రాబట్టేదాకా నన్ను తిట్టడం. "ముద్ర మనిషి కొట్టేది, అబద్ధం ఉండచ్చు. బురదకు ఎవురితో ఏం పని పెంచలా, అదెందుకు అబద్ధం చెప్పుద్ది?" అనేవాడు. మూడేళ్లలో ఆ డబ్బా ఒక్కసారి తప్పలేదు. నేనూ దాన్ని నమ్మాను. మా ఆవిడ మెట్టెలు కూడా ఒకసారి తెచ్చి ముంచి చూశాను. అవి మసకబారి ఊరుకున్నాయి. ఆ సంగతి ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు.

అట్లా చేరిన వెండిని రొయ్యల మేత సంచిలో కట్టి షెడ్డు మూల దాచాడు. వదినకు ఏదో వెండి కొంటున్నాడని తెలుసు, ఎంతో తెలియదు. వెన్నెలకు అసలు తెలియదు. కాలేజీలో చేర్చే రోజున చూపించి ఆశ్చర్యపరచాలని ఆయన కోరిక. ఈలోగా వెండి ధర ఎన్నడూ లేనట్టు ఎగబాకింది. పొద్దున్నే నా కొట్టుకొచ్చి ధర అడిగి, విని, మీసం తడుముకుని వెళ్లేవాడు. ఆయన బతుకులో ఆయన కొన్నదాని ధర పెరగడం అదే మొదలు.

వెన్నెల ఇంటరు మంచి మార్కులతో పాసైంది. అయినా గవర్నమెంటే ఫీజు కట్టే సీటు కొద్దిలో తప్పిపోయింది. నెల్లూరులో ఒక కాలేజీలో డబ్బు కట్టి చేరే సీటు ఉందన్నారు. నెలాఖరు లోపల మొదటి ఏడాది ఫీజు కట్టాలి. బ్యాంకు లోనుకు పోతే, లీజులో ఉన్న పొలం మీద కుదరదని పంపేశారు. షెడ్డులో ఉన్న వెండి అమ్మితే రెండేళ్లకు సరిపోతుంది, నేను లెక్కేసి చెప్పాను. "అమ్మేయన్నా. ముందు చేర్చు. మిగతా రెండేళ్లు తర్వాత చూసుకోవచ్చు" అన్నాను.

ఆయన ఒప్పుకోలేదు. మైపాడు పక్క జాలర్ల కుప్పంలో చిన్నపోలయ్య అని చేపల వేటకు పోయే మనిషి ఉన్నాడు. ఆయన కూతురు నర్సింగులో చేరి, మూడో ఏడాది ఫీజు కట్టలేక వెనక్కి వచ్చేసింది. ఇప్పుడు రొయ్యల షెడ్డులో తలకాయలు వలుస్తోంది. హజరత్తన్నకు ఆ పిల్ల రోజూ కనబడుతుంది. "సగం నర్సుకు ఎవురు జీతం ఇస్తారు పెంచలా? చేర్చి మళ్లీ ఇంటికి తెచ్చుకునేకన్నా నాలుగేళ్లదీ చేతిలో పెట్టుకుని చేర్చాల" అన్నాడు. 

అప్పుడు పడింది ఆ ఫోటో ఆయన కంట్లో. చెన్నైలో పాత సామాన్ల గోడౌను. పళ్లేలు, టీ కెటిల్, పువ్వుల గిన్నెలు, కట్టలు కట్టలు చెంచాలు. అంతా కలిపి ఏడు కిలోలు. ఎప్పటిదో దొరల బంగళా పడగొడితే వచ్చిన సరుకట. గోడౌను ఆయన పేరు పరంజ్యోతి. అడిగిన ధర వెండి ధరలో మూడో వంతు కూడా లేదు. నాకు అనుమానం వచ్చింది. హజరత్తన్నకు రాలేదు. "తెలియనోడు అమ్మితే అంతే. మూడేళ్లుగా మనం బతికింది తెలియనోళ్ల మీదనే గదా" అన్నాడు. అది నిజమే.

శాంపిలు పంపమంటే పరంజ్యోతి మూడు చెంచాలు కొరియరులో పంపాడు. వెనకవైపు 925 లేదు, ఏవో అక్షరాలున్నాయి. "ఇది వేరేగా ఉందన్నా" అన్నాను. "తెల్లోళ్ల కాలందిరా, అప్పుడీ అంకెలు యాడివి" అన్నాడు. మూడు చెంచాలనూ దారం కట్టి డబ్బాలో ముంచాడు. మూడో రోజు నన్ను గట్టు మీదకి పిలిచి బయటికి లాగాడు. బొగ్గులా నల్లగా వచ్చాయి. అంత నల్లగా మేము కొన్న ఏ గొలుసూ అవలేదు. ఆయన ఆ బురద చేతులతోనే నన్ను కావలించుకున్నాడు.

"ఒక్క చెంచా నెల్లూరు తీసుకుపోయి శెట్టిగారికి చూపిద్దామా?" అన్నాను. చిన్నబజారులో వెండికొట్టు ఆయన, పెద్దమనిషి. హజరత్తన్న నవ్వాడు. "చూపిస్తే ఆయనకు వాసన తగలదా? రేపే చెన్నైకి మనిషిని పంపి మొత్తం ఎత్తుకుంటాడు." నేను గట్టిగా పట్టుబట్టాల్సింది. పట్టుబట్టలేదు. నా కళ్లతో నేను చూశాను గదా నల్లబడడం. ఇంకా నిజం చెప్పాలంటే, ఆయన మొహంలో ఆ వెలుగు చూశాక ఇంకో మాట అనడానికి నాకు మనసు రాలేదు.

మేత సంచిలో ఉన్నదంతా శెట్టిగారి కొట్లోనే అమ్మాం. గీటురాయి మీద ఒక్కొక్కటీ గీసి చూసి, అంతా మేలిమి సరుకని మెచ్చుకుని, ఆ రోజు ధర కట్టి ఇచ్చాడు. పదిరోజుల తర్వాత ఇద్దరం పొద్దున రైలుకు చెన్నై పోయాం. పరంజ్యోతి మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టాడు. "పాత సామాను సార్, గ్యారంటీ ఏమీ చెప్పను. మీరే చూసుకుని తీసుకోండి" అన్నాడు. ఆయన్ని తిట్టుకుందామంటే ఇప్పటికీ ఆ మాట అడ్డం వస్తుంది.

తిరుగు రైల్లో హజరత్తన్న ఆ సంచి ఒళ్లోనుంచి కింద పెట్టలేదు. సూళ్లూరుపేట దాటేసరికి నాలుగేళ్ల చదువూ పూర్తిచేసేశాడు. హాస్టలు, తెల్లబూట్లు, చేతికి వాచీ, అన్నీ అయిపోయాయి. గూడూరులో టీ తాగుతూ, పాపకు మొదటి జీతం వచ్చాక నీకొక మంచి ఫోను కొనిపిస్తా అన్నాడు. నెల్లూరులో దిగి ఇంటికి కూడా పోకుండా నేరుగా చిన్నబజారుకు నడిచాం. మొదటి ఏడాది ఫీజుకు ఒక పళ్లెం చాలు అన్నాడు.

శెట్టిగారు పళ్లెం చేతిలోకి తీసుకుని, బరువు చూసి, అంచు మీద ఆకురాయి పెట్టి రెండుసార్లు గట్టిగా లాగాడు. తెల్లటి పొట్టు లేచింది. దాని కింద ఎర్రగా రాగి కనిపించింది.  ఇంకో పళ్లెం తీశాడు. అదీ అంతే. చెంచా గీశాడు, కింద పచ్చటి ఇత్తడి. అట్లా ఎనిమిదో తొమ్మిదో గీసి ఆకురాయి పక్కన పెట్టేశాడు.

"వెండి పూతయ్యా ఇది" అన్నాడు మెల్లిగా.

"బురదలో పెట్టినా సార్. మూడు రోజులు పెట్టినా. బొగ్గు మాదిరి అయినాయి" అన్నాడు హజరత్తన్న.

శెట్టిగారికి అర్థం కాలేదు. నేను డబ్బా సంగతి చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అవుతాయి నాయనా, ఎందుక్కావు? పైన ఉండేది వెండే గదా. నీ బురద అబద్ధం చెప్పలా. పైన ఏముందో అది చెప్పింది. లోపలికి అదెట్టా పోద్ది?"

హజరత్తన్న పళ్లేలన్నీ ఆయన వైపుకు తోశాడు. తర్వాత చిన్నపిల్లాడిలా అడిగాడు. "మా పాత సరుకు... ఆ గొలుసులు, ఉంగరాలు... ఉండాయా సార్? ఇదంతా మీరే తీసుకోండి. అది ఇచ్చేయండి."

"తెచ్చిన రోజే కరిగించేసినాం గదయ్యా" అన్నాడు శెట్టిగారు.

నాకు అక్కడే ఏడుపొచ్చింది, కొట్లో అంతమంది ముందు. హజరత్తన్న ఏడవలేదు. సంచి మూతి కట్టి భుజాన వేసుకున్నాడు. బస్సెక్కాం. ఊళ్లో దిగి ఇంటివైపు పోకుండా గుంటల దారి పట్టాడు. "నువ్వు పోయి చెప్పు పెంచలా. నాకు నోరు రాదు" అన్నాడు వెనక్కి తిరగకుండా.

నేను వెళ్లేసరికి వెన్నెల వసారాలో చాప మీద సర్టిఫికెట్లు వరసగా పేర్చుకుంటోంది. ముందురోజు నా కొట్లోనే జిరాక్సు తీయించుకుంది వాటిని. కూర్చోబెట్టి అంతా చెప్పాను, వెండి మొదలుకుని ఆకురాయి దాకా. వదిన తలుపు పట్టుకుని అట్లాగే కిందికి కూలబడింది. పిల్ల మాత్రం చివరిదాకా విని, ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"బురదలో పెట్టి చూసి కొన్నాడా చిన్నాయనా?"

"అవునమ్మా."

"నన్ను అడిగుంటే చెప్పుండేదాన్ని. పూత వేసినా పైన నల్లబడుద్దని మాకు ఇంటర్లో పాఠం ఉంది" అంది. తర్వాత సర్టిఫికెట్లు ఒక్కొక్కటీ కవరులో పెట్టుకుంటూ, "ఈ మాట మాత్రం నాయనకు చెప్పబాక" అంది.

నేను ఇప్పటిదాకా ఆయనకు చెప్పలేదు. ఇక్కడ రాసుకుంటున్నాను, ఆయన ఎట్లాగూ ఇది చదవడు.

నెలాఖరు వచ్చింది, పోయింది. రాగికి, ఇత్తడికి పాత సామాన్లవాడు ఇచ్చింది మా చెన్నై రైలు ఛార్జీలకూ ఓ నెల వెచ్చాలకూ సరిపోయింది. తడ దగ్గర కంపెనీలో ఫోను భాగాలు బిగించే పనికి ఆడపిల్లలను తీసుకుంటున్నారని వెన్నెలే కనుక్కుంది. హాస్టలు వాళ్లదే, తిండి వాళ్లదే. ఒక్క ఏడాది చేసి డబ్బు కూడబెట్టుకుని మళ్లీ చేరతాననింది. ఆ మాట నమ్మినట్టు మేమందరం తలలూపాం. బస్సు ఎక్కించేటప్పుడు హజరత్తన్న కండక్టరు దగ్గరికి పోయి, మా పాప నెల్లూరులో బస్సు మారాల, కాస్త చెప్పి దించండయ్యా అని మూడుసార్లు చెప్పాడు. ఆ పిల్ల నెల్లూరుకు రెండేళ్లుగా రోజూ పోయొచ్చిన పిల్ల.

ఆ తర్వాత ఆయన ఫోనులో వెండి చూడడం మానేశాడు. ఆ బురద డబ్బా ఏమైందో నేను అడగలేదు. నా కొట్టుకు వస్తే ఫోను రీచార్జి చేయించుకుని వెళ్లిపోయేవాడు. నేనుగా పలకరిస్తే జవాబు చెప్పేవాడు.

ఐదు నెలలకు ఒక మధ్యాహ్నం వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. ఎన్నాళ్లకో ఆ మొహం చూసి నేను లేచి కుర్చీ వేశాను.

"పాప ఫోను చేసింది పెంచలా. వాళ్ల కంపెనీలో ఒక పిల్లకు మిషన్లో చెయ్యి పడిందంట. నెత్తురు కాలవ కట్టిందంట. అందరూ అరుస్తా నిలబడ్డారంట గానీ ఒక్కరూ ముట్టలేదంట. మన పాప పోయి చున్నీ చించి గట్టిగా కట్టి, చెయ్యి పైకెత్తి పట్టుకుని ఆసుపత్రి దాకా కూడా పోయిందంట. డాక్టరు కట్టు విప్పి చూసి, భలే కట్టినావమ్మా, ఏ ఆసుపత్రిలో నర్సువి అని అడిగినాడంట!"

"అట్టనా అన్నా! మరి పాప ఏమనింది?"

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. 

"నేను నర్సును కాదు సార్, ఫోన్లు బిగిస్తా అనిందంట."

అని, నా బల్ల మీద తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చాడు. శెట్టిగారి కొట్లో ఏడవంది, బస్టాండులో ఏడవంది, అంతా ఆ రోజు ఏడ్చాడు. జిరాక్సు కోసం వచ్చిన వాళ్లను నేను తర్వాత రమ్మని పంపేశాను.